మలేషియాతో ఫ్రెండ్లీకి గచ్చిబౌలి దాకా పోవాల్నా?

బురుజు_బాబు (కర్నూలు) – 12 నవంబర్ 2024, రాత్రి 9:14

18వ తేదీ సోమవారం రాత్రి 7:30కి గచ్చిబౌలిలో మన ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌కూ మలేషియాకూ మ్యాచ్. కర్నూలు నుంచి దగ్గర దగ్గర 210 కిలోమీటర్లు. పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. మంగళవారం పొద్దున్నే షాపు తెరవాల.

సెప్టెంబర్ 3న మారిషస్ మ్యాచ్‌కు ఇట్లనే ఎగేసుకొని పోతిమి. 0-0. ఫిఫా ర్యాంకింగ్‌లో 179లో ఉన్న టీమ్ మీద ఒక్క గోలు కొట్టలేకపోయిరి. వచ్చేటప్పుడు జడ్చర్ల కాడ టీ తాగుతా ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు. అదన్నా మూడు టీముల టోర్నమెంటు. ఇది ఉత్త ఫ్రెండ్లీ. గెలిస్తే కప్పు లేదు, ఓడితే పోయేదీ లేదు. దీనికోసం అంత దూరం పోవాల్నా?

కారులో మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి. ఇంకో సంగతి, ఆ రోజు కార్తీక సోమవారం. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

కారందోశ (కడప) – 12 నవంబర్, రాత్రి 9:20

ఇంట్లో చెప్పనోనివి మాకు చెప్పి ఏం లాభం అబ్బీ? ముందు ఆ మ్యాచ్ గెలువు. మలేషియా సంగతి తర్వాత చూద్దాం.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 12 నవంబర్, రాత్రి 9:47

పోవద్దన్నా. నా ఓటు వద్దనే. ఇంటర్నేషనల్ బ్రేక్ వచ్చిందంటే నాకు రెండు వారాలు ఉపవాసమే. మన దేశపు క్లబ్బుల లీగ్ ఐఎస్ఎల్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు ఆపేస్తారు, ఆటగాళ్లను లాక్కుపోతారు, ఎవరికో ఒకరికి కండరం పట్టేస్తుంది, ఆ నష్టం క్లబ్ నెత్తిన. 2006 వరల్డ్ కప్‌కు ముందు ఫ్రాన్స్ ఏం చేసింది? చైనాతో ఫ్రెండ్లీ పెట్టుకుంది. జిబ్రిల్ సిస్సే కాలు విరిగింది. వరల్డ్ కప్ మొదలవక ముందే ఆయన వరల్డ్ కప్ అయిపోయింది. ఏం సాధించినట్టు?

మనోళ్ల లెక్క కూడా చూడండి. ఈ ఏడాది 10 మ్యాచ్‌లు ఆడినారు. ఒక్కటీ గెలవలేదు. 6 ఓటములు, 4 డ్రాలు. ఆఖరుసారి గెలిచింది పోయిన నవంబర్ 16న, కువైట్‌లో 1-0. దాదాపు ఏడాది.

లెక్కల_లింగ (అనంతపురం) – 12 నవంబర్, రాత్రి 10:31

ఉత్త ఫ్రెండ్లీ అనేవాళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి. ఈ మ్యాచ్‌కు ఉన్న విలువ ఈ ఏడాది మనం ఆడిన ఏ ఫ్రెండ్లీకీ లేదు.

2018 ఆగస్టు నుంచి ఫిఫా ర్యాంకింగ్ లెక్క మారింది. ప్రతి మ్యాచ్‌కు ఒక గుణకం ఉంటుంది. ఫిఫా ఖాయం చేసిన తేదీల్లో ఫ్రెండ్లీ అయితే 10, ఆ తేదీలు దాటి ఆడితే 5, క్వాలిఫయర్ అయితే 25. వరల్డ్ కప్‌లో క్వార్టర్ ఫైనల్ నుంచి 60. మనకు రావలసిన ఫలితం ఎంత, వచ్చింది ఎంత, ఆ తేడాను గుణకంతో హెచ్చిస్తారు. గుణకం 10 ఉన్న ఫ్రెండ్లీలో సమఉజ్జీలు ఆడితే గెలిచినవాడికి 5 పాయింట్లు, ఓడినవాడికి అంతే కోత. మనకంటే 200 పాయింట్లు తక్కువ ఉన్న జట్టుతో ఆడితే? గెలిచినా 3 చిల్లరే వస్తుంది. డ్రా చేసుకుంటే దాదాపు 2 పోతాయి. మారిషస్‌తో జరిగింది ఆ తరహాదే. సొంత ఊళ్లో ఆడినందుకు ఈ లెక్కలో ఎక్కువా తక్కువా ఏమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. డిసెంబర్ 9న 2027 ఆసియా కప్ క్వాలిఫయర్ల ఆఖరి దశకు డ్రా తీస్తారు, అంటే ఏ జట్టు ఏ గ్రూపులో అని చీటీలు. 24 జట్లు, 6 గ్రూపులు. ఒక్కో గ్రూపులో మొదటి జట్టుకే చోటు, రెండో జట్టు ఇంటికే. ఈ నెలాఖరు ర్యాంకింగ్ చూసి జట్లను కుండలుగా విడగొడతారు, ఒక్కో కుండ నుంచి ఒక్కో జట్టు ఒక్కో గ్రూపుకు పోతుంది. మొదటి కుండలో ఆరు జట్లు. మనం ఆ అంచున ఉన్నాం. మలేషియా మన వెనకే ఉంది. అంటే సోమవారం మనం ఆడేది మన సీటు కోసం కాచుకున్న జట్టుతోనే. ఓడితే రెండో కుండలోకి జారి, సిరియా లాంటి జట్టున్న గ్రూపులో పడే ప్రమాదం.

కారందోశ (కడప) – 12 నవంబర్, రాత్రి 10:36

కుండలు అంటే పాట్ అనే కదా లింగన్నా? ఒక నిమిషం మా ఊరి సంత గుర్తొచ్చింది.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 12 నవంబర్, రాత్రి 11:05

లింగన్నా, ఈ పాట్ పిచ్చి పోలెండ్‌కు కూడా ఉండేది. 2018 వరల్డ్ కప్ డ్రాకు ముందు ఫ్రెండ్లీలు ఆడితే సగటు పడిపోతుందని వాటిని తప్పించుకొని తిరిగినారు. మొదటి కుండలో కూర్చున్నారు. తర్వాత? కొలంబియా, జపాన్, సెనెగల్ ఉన్న గ్రూపులో ఆఖరు స్థానం.

లెక్కల_లింగ (అనంతపురం) – 12 నవంబర్, రాత్రి 11:19

అది పాత లెక్క తమ్ముడూ. అప్పుడు సగటు తీసేవాళ్లు, ఫ్రెండ్లీకి గుణకం 1, క్వాలిఫయర్‌కు 2.5. అందుకే ఫ్రెండ్లీ ఆడినవాడే నష్టపోయేవాడు. ఆ లొసుగు మూయడానికే కొత్త పద్ధతి తెచ్చినారు. ఇప్పుడు ఆడకుండా కూర్చుంటే పైకి పోవడం ఉండదు. ఇక పోలెండ్ ఆఖరున మిగిలిందంటే అది ఆట తప్పు. కుండ తప్పు కాదు.

పాత_పేపర్ (కర్నూలు) – 13 నవంబర్ 2024, ఉదయం 6:02

ఫ్రెండ్లీ అంటే విలువ లేనిదని పిల్లలు అనుకుంటున్నారు కాబట్టి ఒక పాత ముచ్చట.

1956 నవంబర్ 1న మన కర్నూలు రాజధాని హోదా పోయి, రాజధాని హైదరాబాదుకు వెళ్లింది. ఆ నెలలోనే మెల్బోర్న్ ఒలింపిక్స్. హైదరాబాదీ రహీం సాబ్ కోచ్. జట్టులో సికింద్రాబాద్ బలరాం. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టారు, నెవిల్ డిసౌజా మూడు గోల్స్. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో ఆగారు. ఇదంతా అందరికీ తెలుసు. తెలియనిది తర్వాతిది. ఆస్ట్రేలియా వాళ్లకు ఆ ఓటమి మింగుడుపడలేదు. సిడ్నీలో మళ్లీ ఆడదాం రమ్మన్నారు. డిసెంబర్ 12న ఆడారు. భారత్ 7, ఆస్ట్రేలియా 1. మన జాతీయ జట్టు రికార్డు విజయం అదే. పోటీ కాదు, పతకం లేదు. మీ భాషలో ఉత్త ఫ్రెండ్లీ.

మా నాన్నగారు ఆ స్కోరు చెప్పినప్పుడల్లా ఏడు అనే అంకెను వేళ్లతో చూపించేవారు, నోటితో చెబితే ఎవరూ నమ్మరని.

బురుజు_బాబు (కర్నూలు) – 13 నవంబర్, ఉదయం 8:40

పెద్దాయనా, దండాలు. కానీ అప్పుడు మనం నాలుగో స్థానం వాళ్లం. ఇప్పుడు 125. ఏడు కాదు, ఒక్కటి కొడితే కొబ్బరికాయ కొడతా.

పీఈటీ_మాస్టారు (కడప) – 13 నవంబర్, మధ్యాహ్నం 1:15

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, కోపం తెచ్చుకోవద్దు.

మా బడిలో 300 మంది పిల్లలు. ఫుట్‌బాల్ ఒకటి. దాని గాలి కూడా మేమే సైకిల్ షాపులో కొట్టించుకోవాలి. గోల్‌పోస్టులు వెదురు బొంగులు. ఒక విదేశీ జట్టును పిలిపించాలంటే విమానం ఖర్చు, హోటల్, స్టేడియం, లైట్లు. ఆ డబ్బుతో సీమలో అండర్-13 లీగ్ ఒక ఏడాదంతా నడపొచ్చు. అనంతపురం వాళ్లు అదృష్టవంతులు. ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్ ఉంది, పచ్చని గ్రౌండ్లు ఉన్నాయి, స్పెయిన్ లీగ్ లా లీగా వాళ్ల తోడ్పాటు ఉంది, పల్లె పిల్లలకు లీగ్ నడుస్తోంది. కడపలో, కర్నూలులో ఏముంది? పైన 11 మంది ఫ్రెండ్లీ ఆడితే కింద మా పిల్లలకు ఒరిగేదేమిటి?

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. మా జిల్లా సురభి నాటకాలకు పుట్టినిల్లు. రంగులు పూసుకుని, జనం ముందు నిలబడి చేస్తేనే రిహార్సల్ రిహార్సల్ అవుతుంది. గదిలో పద్యం బాగా పాడినవాడు తెర లేవగానే తడబడటం చూశాను. మన జట్టు కోచ్ మనోలో మార్కెజ్‌కు ఆ తెర కావాలి. ఒకవైపు ఎఫ్‌సీ గోవా క్లబ్‌ను నడుపుతూ, బ్రేక్ వచ్చినప్పుడు మాత్రమే దొరికే ఆటగాళ్లతో జాతీయ జట్టు కట్టాలి ఆయన.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 13 నవంబర్, మధ్యాహ్నం 1:50

మాస్టారూ, మా అనంతపురంలోనూ అదే కథ. సెప్టెంబర్ 3న గచ్చిబౌలిలో ఇండియా ఫుట్‌బాల్, సెప్టెంబర్ 5న మా ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ క్రికెట్. మా వీధిలో నన్ను ఎంతమంది అడిగినారో తెలుసా, దులీప్ పాసులు దొరుకుతాయా అని? గచ్చిబౌలి గురించి అడిగినోడు ఒక్కడు. వాడూ నన్ను ఏడిపించడానికి అడిగినాడు.

నంద్యాల_చాయ్ (గచ్చిబౌలి) – 13 నవంబర్, రాత్రి 8:22

నేను స్టేడియానికి నడిచి పోయేంత దూరంలో ఉంటా. పుట్టింది నంద్యాల. టికెట్లు నేను తీస్తా, బాబన్నా. మన దగ్గర మ్యాచ్ పెట్టడమే అరుదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు కొట్టినప్పుడు కోచ్ ఈ మనోలోనే. ఆయనకు ఈ గడ్డి ప్రతి అంగుళం తెలుసు. మనం రాకపోతే మళ్లీ కొచ్చికో, గువాహటికో పోతాయి మ్యాచ్‌లు. 2018లో ముంబైలో చైనీస్ తైపీని 5-0తో కొట్టిన రోజు జనం రెండున్నర వేలు. అప్పటి కెప్టెన్ ఛెత్రీ వీడియోలో చేతులు జోడించి, తిట్టడానికైనా స్టేడియానికి రండి అన్నాడు. తర్వాతి మ్యాచ్‌కు టికెట్ దొరకలేదు. ఫ్రెండ్లీకి విలువ ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడదు, మనం పోతే వస్తుంది.

గోల్‌పోస్ట్_గంగ (అనంతపురం) – 14 నవంబర్ 2024, రాత్రి 10:10

మూడు రోజులుగా చదువుతాండా. మగోళ్లంతా కుండల గురించి, కార్ల గురించి మాట్లాడుతాండారు. లోపల ఆడేటోళ్ల సంగతి ఎవురూ రాయలేదు. నేను ఆరేండ్లు గోల్‌కీపర్‌ని, జిల్లాకు ఆడినా.

ఒకసారి స్పెయిన్ నుంచి ఆడపిల్లల టీమ్ ఒకటి చూసిపోను వచ్చింది. మాతో ఒక ఫ్రెండ్లీ. మా ఊరి నేల తెలుసు గదా, గరుసు మట్టి. సెంటర్ లైన్ కాడ నుంచి ఒక పొడుగు బాల్ వేసినారు. నేను గోల్ వదిలి ఉరికినా. నా లెక్కలో బాల్ నడుము ఎత్తుకు రావాల. గట్టి నేల మీద పడి తలపై నుంచి పోయింది. వాళ్ల పాప నింపాదిగా నడుచుకుంటా పోయి గోల్ వేసింది. 3-1 ఓడినాం. ఆ రేత్రి నాకు కూడు దిగలేదు.

అదే నెలలో అంతర్ జిల్లా టోర్నీ. అచ్చం అట్లాంటి బాలే వచ్చింది. ఈ తూరి ఉరకకుండా లైన్ మీదే నిలబడినా. అదీ గోలే అయింది!

నేర్చుకున్నానా లేదా అంటే ఏం చెప్పాల? కానీ ఒకటి. ప్రాక్టీసులో ఆ బాల్ రాదు. మన డిఫెండరే వేస్తాడు, యాడ వేస్తాడో మనకు తెలుసు. తెలియనోడు వేసిన బాల్ కోసమే ఫ్రెండ్లీ. మనోలో డిఫెన్స్‌ను ముందుకు జరిపి ఆడమంటాడు. అప్పుడు వెనకాల నలభై గజాలు ఖాళీ. ఆ ఖాళీకి కాపలా మన కీపర్ గుర్‌ప్రీత్. డిఫెండర్ జింగన్ జనవరిలో మోకాలు దెబ్బ తగిలి ఇప్పుడే తిరిగొస్తాండాడు. ఎవరు ముందుకు పోవాల, ఎవరు ఆగాల అనేది మాట్లాడుకొని తేలేది కాదు, నాలుగు మ్యాచ్‌లు తప్పులు చేసి తేల్చుకోవాల. తప్పు చేయనీకే గదా ఫ్రెండ్లీ.

లెక్కల_లింగ (అనంతపురం) – 14 నవంబర్, రాత్రి 10:25

బాగా చెప్పినావక్కా. కానీ ఈ మ్యాచ్‌లో మాత్రం తప్పు చేయొద్దు, కుండ పోతుంది.

గోల్‌పోస్ట్_గంగ (అనంతపురం) – 14 నవంబర్, రాత్రి 10:27

చూసినావా, ఈ మాటకే కీపర్లకు చేతులు వణికేది.

బురుజు_బాబు (కర్నూలు) – 16 నవంబర్ 2024, మధ్యాహ్నం 12:30

ఇంట్లో చెప్పేసినా. షరతులు: పొద్దున ఇక్కడ గుళ్లో దీపం పెట్టాల. పగలంతా ఉపవాసం. రాత్రి నక్షత్రం చూసినాకే తినాల. అయిన తర్వాత బాగా తోలుకొని రావాల, నిద్రమొగంతో హైవే మీద వద్దు. ఒప్పుకున్నా. కారందోశ, నువ్వు కడప నుంచి ఆదివారం రాత్రికి కర్నూలు చేరితే చాలు.

కారందోశ (కడప) – 16 నవంబర్, మధ్యాహ్నం 12:34

ఉపవాసముండేటోని పక్కన కూర్చొని ఉగ్గాని బజ్జీ తినే భాగ్యం నాకు దక్కుతాందన్న మాట. వస్తాండా.

నంద్యాల_చాయ్ (గచ్చిబౌలి) – 18 నవంబర్ 2024, రాత్రి 7:52

19వ నిమిషం. అయ్యో. గుర్‌ప్రీత్.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 18 నవంబర్, రాత్రి 7:53

మొబైల్‌లో చూస్తున్నా. ఏం చేసినాడన్నా ఆ మనిషి? పొడుగు బాల్‌కు బాక్స్ దాటి ఉరికినాడు, బాల్ ఎగిరి ఆయన్ను దాటిపోయింది. మలేషియా వాళ్ల పావ్లో జోసువే ఖాళీ గోల్‌లోకి తోసినాడు. ఆరున్నర అడుగుల మనిషి పై నుంచి బాల్ పోవడమేంది?

గంగక్కా, నాలుగు రోజుల ముందు రాసినావు గదా నువ్వు. నోరా అది?

గోల్‌పోస్ట్_గంగ (అనంతపురం) – 18 నవంబర్, రాత్రి 7:55

నాకు చెమటలు పట్టినాయి. అచ్చం నా గోలే. టీవీ ఆపేసి వాకిట్లోకి వచ్చినా.

లెక్కల_లింగ (అనంతపురం) – 18 నవంబర్, రాత్రి 8:14

39వ నిమిషం!! మన బ్రాండన్ కార్నర్, భేకే తల. 1-1. గంగక్కా లోపలికి రా.

బురుజు_బాబు (కర్నూలు) – 19 నవంబర్ 2024, ఉదయం 11:48

షాపు పదకొండుకు తెరిచినా. కండ్లు మంట. నివేదిక:

స్టేడియం నిండలేదు. కానీ ఉన్నోళ్లు గట్టిగానే అరిచినారు. ఒక పక్క డోలు వాయిస్తానే ఉండిరి. గోల్ పడినాక ఒక రెండు నిమిషాలు నిశ్శబ్దం. నా వెనక వరసలో ఒకాయన గుర్‌ప్రీత్‌ను రాయరాని మాటలన్నాడు. సెకండ్ హాఫ్‌లో గుర్‌ప్రీత్ ఒక మామూలు బాల్ పట్టుకుంటే ఆయనే లేచి చప్పట్లు కొట్టినాడు. మనుషులు ఇట్లనే ఉంటారు.

జింగన్‌ను కండ్లారా చూసినా. పది నెలల తర్వాత ఆడతాండాడు గదా, మొదటి పదిహేను నిమిషాలు పక్కోనితో చెయ్యి ఊపుతా మాట్లాడుతానే ఉన్నాడు. ఇది టీవీలో కనపడదు. కెమెరా బాల్ వెంట పోతాది, లైన్ ఎట్ల కదులుతాందో స్టేడియంలోనే తెలుస్తాది. గంగమ్మ చెప్పినట్ల వెనకాల ఖాళీ ఎంతుందో నిన్న అర్థమైంది. భయమేసింది.

హాఫ్‌టైమ్‌లో నక్షత్రం కోసం మొగం పైకెత్తి వెతికినా. ఫ్లడ్‌లైట్ల వెలుతురులో నక్షత్రం యాడ కనపడ్తాది? కారందోశ అరటిపండు ఒలుచుకుంటా, అన్నా, ఆ నాలుగు స్తంభాల మీద ఉన్నవన్నీ నక్షత్రాలే, తిను, అన్నాడు. తినలేదు. బయటికొచ్చి, శంషాబాద్ దాటినాక బండి ఆపి, చీకట్లో ఒకటి చూసి, పులిహోర పొట్లం విప్పినా. అప్పటికి టైం పదకొండు.

సెకండ్ హాఫ్‌లో గెలవాల్సింది. గెలవలేదు. ఈ ఏడాది 11 మ్యాచ్‌లు, గెలుపు సున్నా. అయినా ఎందుకో మారిషస్ రోజు ఉన్నంత బాధ లేదు. జడ్చర్ల కాడ టీ తాగినాం, మాట్లాడుకున్నాం.

కారందోశ (కడప) – 19 నవంబర్, మధ్యాహ్నం 12:05

మాట్లాడుకున్నాం కాదు, నువ్వు మాట్లాడినావు. షాద్‌నగర్ నుంచి పుల్లూరు టోల్‌గేట్ దాకా భేకే గోల్ ఒక్కటే ఆరుసార్లు చెప్పినావు. ఆరోసారికి అది బైసికిల్ కిక్ అయింది.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 19 నవంబర్, మధ్యాహ్నం 12:40

సరే, ఇప్పుడు తేల్చండి. ఏం సాధించినాం? పోయిన ఏడాది అక్టోబర్‌లో ఇదే మలేషియా కౌలాలంపూర్‌లో మెర్డెకా కప్‌లో 4-2తో కొట్టింది. మన ఛాంగ్టే కొట్టిన బాల్ గీత దాటినా గోల్ ఇవ్వలేదని ఏడ్చినాం. ఇప్పుడు మన ఇంటికి పిలిచి 1-1. కోచ్ వియత్నాంలోనూ 1-1, ఇక్కడా 1-1.

పీఈటీ_మాస్టారు (కడప) – 19 నవంబర్, సాయంత్రం 5:30

అక్టోబర్‌లో మూడు జట్ల పోటీ కావలసింది, లెబనాన్ తప్పుకోవడంతో వియత్నాంతో ఒక్క మ్యాచే దక్కింది. కొత్త కోచ్‌కు మూడు నెలల్లో నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. నాటకం కంపెనీ అయితే ఇన్ని రిహార్సల్స్‌తో ఊళ్లోకి రానివ్వరు.

ఇవాళ బడిలో ఒక విచిత్రం. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు మ్యాచ్ ఫోన్లో చూశారట. ఒకడు కీపర్‌గా నిలబడి, బాక్స్ బయటికి ఉరికి, కావాలని బాల్ వదిలేసి, గుర్‌ప్రీత్ గుర్‌ప్రీత్ అని అరుస్తూ పడిపోతున్నాడు. మిగతావాళ్లు విరగబడి నవ్వుతున్నారు. మందలిద్దామని వెళ్లాను. సార్, ఉరకాలా, నిలబడాలా, ఏది కరెక్టు అని అడిగాడు. అరగంట గ్రౌండ్‌లో గీతలు గీసి చూపించాను. పిల్లలకు ఒరిగేదేమిటి అని మొన్న నేనే రాశాను, కాబట్టి ఇది చెప్పకపోతే మోసం అవుతుంది. లీగ్ కావాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాత_పేపర్ (కర్నూలు) – 21 నవంబర్ 2024, ఉదయం 6:10

కేరళ క్రీడామంత్రి ప్రకటన చూశారా? వచ్చే ఏడాది అర్జెంటీనా జట్టు కేరళకు వచ్చి ఫ్రెండ్లీ ఆడుతుందట.

2011 సెప్టెంబర్ 2న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో అర్జెంటీనా, వెనెజువెలా ఆడాయి. మెస్సీ కార్నర్, ఓటమెండి తల, 1-0. మెస్సీ నాయకత్వంలో కొత్త అధ్యాయం మొదలైంది అక్కడే. జనం వేలాదిగా వచ్చారు. కానీ మైదానంలో మనవాడు ఒక్కడూ లేడు. తర్వాత జనవరిలో ఢిల్లీలో మన పాత కెప్టెన్ భూటియా వీడ్కోలుకు బయర్న్ మ్యూనిక్ వచ్చింది, మనవాళ్లు ఆడారు, 0-4. ఈ రెండింటిలో దేనికి టికెట్ కొంటారని ఎవరైనా అడిగితే నేను రెండోదానికే అంటాను. ముసలివాడి చాదస్తం అనుకోండి.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 21 నవంబర్, ఉదయం 9:00

పెద్దాయనా, మెస్సీ వస్తే నేను కొచ్చికి నడుచుకుంటా పోతా. బ్రేక్‌లో అయినా సరే.

కారందోశ (కడప) – 21 నవంబర్, ఉదయం 9:03

ఇప్పుడు కండరం పట్టేయదా?

లెక్కల_లింగ (అనంతపురం) – 9 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 3:20

మొదటి కుండ నిలిచింది! డ్రాలో మనకు పడ్డవి హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. మలేషియాకు మొదటి కుండ నుంచి వియత్నాం తగిలింది. ఆ 1-1 విలువ ఇదండీ. భేకే తలకాయకు నేను దండ వేయిస్తా. ఫ్రెండ్లీ ఎందుకన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి.

గోల్‌పోస్ట్_గంగ (అనంతపురం) – 9 డిసెంబర్, సాయంత్రం 6:45

ముందు ఆడనీ లింగన్నా.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 18 నవంబర్ 2025, రాత్రి 10:20

ఏడాది పాత త్రెడ్ తవ్వి తీసినందుకు మోడరేటర్లు క్షమించాల. తేదీ చూడండి. సరిగ్గా సంవత్సరం. ఈ రోజు ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. పదకొండో నిమిషంలో వాళ్ల మొర్సలిన్ గోల్. 22 ఏండ్ల తర్వాత వాళ్ల చేతిలో ఓటమి.

5 మ్యాచ్‌లు, 2 పాయింట్లు, గ్రూపులో అడుగున మనం. ఆసియా కప్ పోయిన నెలలోనే చేజారింది. ఈ రోజు సింగపూర్ టికెట్ కొట్టింది. లింగన్నా, పోలెండ్ గురించి ఏదో అన్నావు అప్పుడు?

లెక్కల_లింగ (అనంతపురం) – 18 నవంబర్ 2025, రాత్రి 10:41

ఆట తప్పు, కుండ తప్పు కాదన్నా. ఇప్పుడూ అదే అంటా. గొంతు మాత్రం అప్పటంత గట్టిగా లేదు.

బురుజు_బాబు (కర్నూలు) – 18 నవంబర్ 2025, రాత్రి 10:55

ఫ్రెండ్లీలను చూసి ఏమన్నా పసిగట్టొచ్చునా అని వెనక్కి పోయి చూసినా. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0. ఛెత్రీ రిటైర్మెంట్ నుంచి తిరిగొచ్చి గోల్ వేసె. పండగ చేసుకుంటిమి. ఆరు రోజులకు అదే గ్రౌండ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్ 4న థాయ్‌లాండ్‌తో ఫ్రెండ్లీ, 0-2. ఆరు రోజులకు హాంకాంగ్‌లో ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ, 0-1. ఓడిన ఫ్రెండ్లీ నిజం చెప్పింది, గెలిచిన ఫ్రెండ్లీ అబద్ధం చెప్పింది. మనోలో కూడా పాయె.

గోల్‌పోస్ట్_గంగ (అనంతపురం) – 18 నవంబర్ 2025, రాత్రి 11:08

మాల్దీవుల మ్యాచ్‌లో మన కీపర్‌కు పనే లేదు. అట్లాంటి మ్యాచ్‌లో నేర్చుకునేది ఏముంది? గెలిచినాం అని ఫోటో దిగనీకి పనికొస్తాది. నాకైతే మలేషియా మ్యాచే మేలు. తప్పు చేసినాడు, అందరూ చూసినారు, మళ్లీ నిలబడినాడు. కాకపోతే అట్లాంటివి ఏడాదికి ఒకటో రెండో ఆడితే చాలవు.

ఇంకోటి. మగోళ్లు పోగొట్టుకున్నారు గానీ ఆడపిల్లలు జూలైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో కొట్టి ఆసియా కప్‌కు పోతాండారు. దాని గురించి ఈ త్రెడ్‌లో ఒక్క ముక్క లేదు. ఊరికే చెప్తాండా.

పీఈటీ_మాస్టారు (కడప) – 18 నవంబర్ 2025, రాత్రి 11:15

తప్పు మాదే అమ్మా.

ఆ గుర్‌ప్రీత్ వేషం వేసిన పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. మా బడికి కీపర్ వాడే. ఇంకా ఉరుకుతూనే ఉన్నాడు.

నంద్యాల_చాయ్ (గచ్చిబౌలి) – 18 నవంబర్ 2025, రాత్రి 11:30

ఇక్కడి సంగతి: హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి పోయింది. కేరళకు వస్తుందన్న అర్జెంటీనా రాలేదు, ఈ నెల 14న అంగోలా పోయి ఆడి వచ్చింది. వచ్చే నెల 13న మెస్సీ ఉప్పల్‌కు వస్తాడంట, మ్యాచ్ కాదు, చెయ్యి ఊపి పోతాడు. టికెట్ల గురించి ఆఫీసులో పదిమంది అడిగినారు. సప్తగిరీ, నడిచి వస్తావా?

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) – 18 నవంబర్ 2025, రాత్రి 11:34

...బస్సులో వస్తా.

లెక్కల_లింగ (అనంతపురం) – 18 నవంబర్ 2025, రాత్రి 11:40

మార్చి 31న హాంకాంగ్‌తో మన దేశంలోనే ఒక మ్యాచ్ మిగిలింది. గెలిచినా ఆసియా కప్ రాదు, ఓడినా కొత్తగా పోయేదేమీ లేదు. కానీ ర్యాంకింగ్ గుణకం 25.

కారందోశ (కడప) – 18 నవంబర్ 2025, రాత్రి 11:42

గెలిస్తే కప్పు లేదు, ఓడితే పోయేది లేదు. బాబన్నా, ఈ మాట యాడనో చదివినట్టుందే.

బురుజు_బాబు (కర్నూలు) – 18 నవంబర్ 2025, రాత్రి 11:51

మంగళవారమే. కార్తీకం కాదు. హైదరాబాద్‌లో గనక పెడితే, కారులో మూడు సీట్లు.